ఒకే బావి, రెండు నంబర్లు

మార్లిస్ కంగాస్‌కు చెల్లెలంటే అసూయ అని మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ సంగతి ఎవరికీ తెలియదని మార్లిస్ ఒక్కతే అనుకునేది. మా టామరాక్ బెండ్ ఊరి స్కూలు వంటగదిలో ఆమె పక్కన నిలబడి పంతొమ్మిదేళ్ళు బంగాళాదుంపలు చెక్కు తీసినదాన్ని కనుక నాకు మిగతావాళ్ళకంటే కాస్త ఎక్కువే తెలుసు.

చెల్లెలు డార్లా ఎనిమిదేళ్ళు చిన్నది. చర్చిలో పాడేది డార్లా. నాన్న పొలం పంచినప్పుడు నది వైపు ముక్క వచ్చింది డార్లాకు. పాత ఇంట్లో ఉండిపోయి, అమ్మానాన్నలకు చివరిదాకా గంజి తాగించి, ఇద్దరినీ సాగనంపింది మార్లిస్. పెళ్ళయితే చేసుకుంది గానీ ఆరేళ్ళు గడిచినా పిల్లలు పుట్టలేదు. ఆ మొగుడు రోలీ అనేవాడు డులూత్ ఓడరేవులో పని దొరికిందని వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. డార్లాకు మాత్రం మంచు ఊడ్చే బండి నడిపే వేడ్ లాంటి నెమ్మదస్తుడు దొరికాడు, ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఇక చాలనుకున్న వయసులో, ముప్ఫై తొమ్మిదో ఏట, ఆడపిల్ల పుట్టింది. టిల్డా అని పేరు పెట్టారు. ఆ కబురు వచ్చిన రోజు మార్లిస్ రెండు ట్రేల రొట్టె మాడ్చేసింది. అంతకు ముందుగానీ తర్వాతగానీ ఆమె చేతిలో ఏదీ మాడగా నేను చూడలేదు.

అయితే టిల్డా పెద్దమ్మను వదిలేది కాదు. నడక వచ్చిన దగ్గర్నుంచీ రెండిళ్ళ మధ్య గడ్డి తొక్కుకుంటూ మార్లిస్ దగ్గరికి వచ్చేసేది. యాలకుల రొట్టె పిండి పిసుకుతుంటే బల్ల మీద కూర్చునేది. ఆ పిల్ల ఉన్నంతసేపూ మార్లిస్ వేరే మనిషి.

రెండిళ్ళకూ బావి ఒక్కటే. వాళ్ళ నాన్న తవ్వించినది. ఊళ్ళో కాగితం మిల్లు ఉంది; హాంబర్గర్లు చుట్టినా నూనె పీల్చకుండా పూత వేసిన కాగితం చేస్తుంది. ఆ పూత వేయగా మిగిలిన బురదను మిల్లు లారీల్లో ఊరికే పంపించేది. పొలానికి బలమని రైతులు చల్లుకునేవాళ్ళు. వాళ్ళ నాన్న, కంగాస్ ముసలాయన, పాతికేళ్ళు చల్లాడు. ఆ పూతలోని రసాయనం ఎండకూ వానకూ నశించదనీ, మట్టిలోంచి బావుల్లోకి దిగిందనీ తెలిసేటప్పటికి ఆయన పోయి చాలా కాలమైంది.

మొదట బావుల నీళ్ళు పరీక్ష చేశారు. మిల్లు ఇంటింటికీ సీసాల నీళ్ళు పంపడం మొదలుపెట్టింది. ఆ ఏడాదే విశ్వవిద్యాలయం నుంచి డాక్టర్ నవోమి స్ట్రాండ్ అనే ఆవిడ ఇద్దరు నర్సులతో వచ్చింది. నీళ్ళలో ఎంత ఉందో తెలిసింది, మనుషుల్లోకి ఎంత చేరిందో తెలియాలంది. చర్చి కింది గదిలో బల్లలు వేసి రక్తం తీశారు. ఏ నీళ్ళు తాగారు, ఎన్నేళ్ళు తాగారు, నదిలో చేపలు తిన్నారా, మిల్లులో పనిచేశారా అని ఒక్కొక్కరినీ ముప్పావుగంట అడిగి రాసుకున్నారు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే రోజు వెళ్ళి పక్కపక్కనే కూర్చుని చెయ్యి చాచారు.

ఆరు వారాలకు కవర్లు వచ్చాయి. లోపల కాగితం మీద రక్తంలో ఆ రసాయనం ఎంతుందో చెప్పే ఒక అంకె. దేశంలో సగం మందికి అయిదు లోపే ఉంటుందని కింద రాసి ఉంది. ఆ వారం మా ఊళ్ళో వాతావరణం గురించి ఎవరూ మాట్లాడలేదు. శుక్రవారం ఊరంతా కలిసి తినే చేపల వేపుడు దగ్గర అందరూ వరసలో నిలబడి నీదెంత, నాదెంత అని ఒకరినొకరు అడగడమే. నాది ఇరవై రెండు.

మార్లిస్‌ది అరవై ఒకటి. డార్లాది పద్నాలుగు.

సోమవారం వంటగదిలోకి వచ్చి మార్లిస్ కోటు కూడా విప్పకుండా నాతో ఆ అంకెలు చెప్పింది. ఒకే బావి, అవే నీళ్ళు, అదే నది చేపలు. "రక్తంలో కూడా దానికే మంచిది వచ్చింది, చూశావా," అంది. సీసాలు మారిపోయి ఉంటాయన్నాను. ఆమె కూడా అదే అనుకుని డాక్టరుకు ఫోన్ చేసి మళ్ళీ పరీక్ష చేయమంది. ఇద్దరికీ మళ్ళీ తీశారు. అరవై, పద్నాలుగు.

డార్లా ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ చిన్నప్పటి నుంచీ ఆమెకు అక్కను గిల్లడం అలవాటు. తను పొద్దున్నే నడుస్తుందట, నేరేడు రంగు పళ్ళేవో రుబ్బి తాగుతుందట, అందుకే ఒంట్లో ఏదీ నిలవదట. చర్చి మెట్ల మీద అందరూ వింటుండగా, "మా అక్క మనసులోంచి ఏదీ బయటికి పోనివ్వదు కదా, రక్తంలోంచి మాత్రం ఎలా పోనిస్తుంది?" అంది. జనం నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

ఆ నెలాఖరులో ఊరివాళ్ళ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి డాక్టర్ స్ట్రాండ్ మళ్ళీ వచ్చింది. అందరూ వెళ్ళేదాకా ఆగి, కుర్చీలు మడతపెట్టే వంకతో మార్లిస్ ఆమె దగ్గరికి వెళ్ళింది. పేర్లు చెప్పకుండా, ఒకే బావి నీళ్ళు తాగిన ఇద్దరాడవాళ్ళకు ఇంత తేడా ఎందుకొస్తుందని అడిగింది. వయసు తేడా కొంత, ఒంటి తీరు కొంత అంది డాక్టరు. తర్వాత, ఆ రెండో ఆవిడ ఈమధ్య బిడ్డకు పాలిచ్చిందా అని అడిగింది. ఈ రసాయనం చనుబాలతో కొంచెం కొంచెంగా బిడ్డలోకి వెళుతుంది, ఎక్కువ కాలం ఇచ్చిన తల్లికి బాగా తగ్గుతుంది అని చెప్పింది. టిల్డాకు డార్లా రెండున్నరేళ్ళు పాలిచ్చింది. మాన్పించి ఏడాదిన్నర కూడా కాలేదు. డాక్టరు ఇంకో మాట కూడా చెప్పింది. పాలవల్ల బిడ్డకు కలిగే మేలు పెద్దదనీ, ఇది తల్లుల తప్పు కానే కాదనీ, అలాంటివాళ్ళకు ఈ సంగతి తాను పక్కన కూర్చుని నెమ్మదిగా చెబుతాననీ అంది.

ఆ సాయంత్రం ఇంటికి కారు నడుపుతూ తను పాట పాడుకున్నానని మార్లిస్ తర్వాత నాకు చెప్పింది. ఆమె పాడడం నేనెప్పుడూ వినలేదు. పదకొండు రోజులు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. బుగ్గన పెట్టుకున్న బెల్లం ముక్కలా చప్పరించింది.

పన్నెండో రోజు టిల్డా నాలుగో పుట్టినరోజు. డార్లా ఇంట్లో పాతికమందిమి ఉన్నాం. కేకు మార్లిసే చేసింది. డార్లా ముక్కలు కోస్తూ, అక్క చేతి కేకులో కూడా అరవై ఒకటి ఉంటుందేమో, ముందు వేడ్ తిని చూపించాలి అంది. మళ్ళీ నవ్వులు.

మార్లిస్ పళ్ళెం కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

"నీ నంబర్ ఎక్కడికీ పోలేదే డార్లా. నీ పిల్లలోకి పోయింది. రెండున్నరేళ్ళు నువ్వే పట్టించావు. డాక్టర్ని అడుగు."

డాక్టరు చెప్పిన రెండో మాట ఆమె చెప్పలేదు. మరిచిపోయి కాదు.

వేడ్ ఏమిటీ, ఏమిటీ అంటున్నాడు. టిల్డా వేళ్ళకంటిన క్రీము నాకుకుంటూ పెద్దమ్మ పక్కకు వచ్చి నిలబడింది. అన్నిటికంటే ముందు డార్లా చేసిన పని, పిల్లను చెయ్యి పట్టి ఇవతలికి లాక్కోవడం.

మర్నాటి నుంచి రెండిళ్ళ మధ్య పిల్ల నడక ఆగిపోయింది. వారంలో టిల్డాకు రక్తం తీయించారు. ఫలితం మార్లిస్‌కు ఎవరూ చెప్పలేదు. పెట్రోలు బంకు దగ్గర వేడ్ నాతో చెప్పాడు, నేను వంటగదిలో మార్లిస్‌కు చెప్పాను. ఎనభై మూడు.

ఆమె చేతిలోని కత్తి పక్కన పెట్టి, గిడ్డంగి గదిలోకి వెళ్ళి, మధ్యాహ్నం భోజనాల గంట కొట్టేదాకా బయటికి రాలేదు. నేను తలుపు తట్టలేదు. ఆ రోజు రెండు వందల పళ్ళేలు నేనొక్కదాన్నే వడ్డించాను.

తర్వాత అడిగితే, పాలలోంచి వచ్చిందే కాదు, తన వంటింట్లో పిల్లకు తను పట్టించిన నీళ్ళు కూడా అదే బావివి కదా అంది. ఆ లెక్క ఇన్నాళ్ళూ తట్టనే లేదట. చెల్లెలి మీద చూపు పెట్టినదానికి ఇంకేం కనపడుతుంది అంది. అలాంటి మాట ఆమె నోట వినడం అదే మొదటిసారి.

మూడు నెలలు గడిచాయి. చెల్లెలి దగ్గరికి వెళ్ళమని నేను చెబుతూనే ఉన్నాను, ఆమె రేపు రేపు అంటూనే ఉంది. జనవరిలో ఒక శనివారం డార్లా వాటాకు వచ్చిన పాత ఆవిరిస్నానాల గది పొగగొట్టం నుంచి పొగ రావడం చూసి, చెప్పాపెట్టకుండా తువాలు తీసుకుని వెళ్ళింది. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్ళ తగువులన్నీ వాళ్ళమ్మ ఆ గదిలోనే కూర్చోబెట్టి తీర్చేదట. డార్లా ఒక్కతే ఉంది. వెళ్ళిపొమ్మనలేదు. జరిగి చోటిచ్చింది.

మార్లిస్ ముందు డాక్టరు చెప్పిన రెండో మాట చెప్పింది. తప్పు నీది కాదని ఆవిడ ఆ రోజే అంది, నేను దాచాను అంది.

"నాకు తెలుసు. ఆవిడ వచ్చి చెప్పింది," అంది డార్లా. ఆవిరి లేవడానికి కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోసింది. తర్వాత అంది, "అక్కా, ఈ మూడు నెలలూ నేనెందుకు ఏడ్చానో చెప్పనా? నీ నంబర్ నాకు రాలేదని. నీది నీలోనే ఉంది. ఎవరికీ పంచలేదు. పుట్టిన దగ్గర్నుంచీ నిన్ను చూసి నేను కుళ్ళుకున్నది ఇదే మొదటిసారి."

మార్లిస్ ఈ మాట నాకు వంటగదిలో చెప్పింది. నలభై ఏళ్ళ నుంచీ తను కోరుకున్నది అదేనంది. చెల్లెలు ఒక్కసారైనా తనను చూసి అసూయపడాలని. ఆ చీకటి గదిలో ఆ మాట విన్నప్పుడు చెల్లెలి మీద జాలితో పాటు గుండెలో ఎక్కడో కొంచెం సంతోషం కూడా కలిగిందనీ, ఆ సంతోషానికి సిగ్గుపడ్డాననీ అంది. "సిగ్గుపడ్డాను గానీ అది కలగలేదని మాత్రం చెప్పను," అంది.

డార్లాతో ఆమె ఏమందంటే, "నాకు పంచడానికి ఎవరున్నారే?" అని మాత్రమే. డార్లా ఆ మాటకు నవ్వలేదు. గ్లాసుతో నీళ్ళిచ్చింది. సీసా నీళ్ళు.

వసంతంలో పిల్ల మళ్ళీ గడ్డి తొక్కడం మొదలుపెట్టింది. డాక్టర్ స్ట్రాండ్ మాటిచ్చినట్టే రెండేళ్ళకు మళ్ళీ వచ్చింది. ఈసారి ఊరివాళ్ళు రావడానికి జంకారు, తెలిసి ఏం చేస్తాంలే అన్నారు. సగం మందిని ఇంటింటికీ తిరిగి, కారెక్కించి చర్చి కిందకు తెచ్చింది మార్లిసే. జీతం లేదు, అడగలేదు. టిల్డాది నలభై నాలుగుకు దిగింది. పిల్ల పెరిగేకొద్దీ పలచబడుతుందని డాక్టరు అంది. మార్లిస్‌ది యాభైకి దగ్గర. దాన్నుంచి రేపు జబ్బేమైనా వస్తుందా రాదా అన్నది డాక్టరుకే తెలియదట. ఉన్నది కొలిచి చెప్పగలను గానీ జరగబోయేది చెప్పలేనంది. తెలియనిది తెలియదని చెప్పినందుకే మార్లిస్ ఆవిడను నమ్మింది.

రక్తం తీసిన రోజు బల్ల దగ్గర నేనూ ఉన్నాను. సూది చూసి టిల్డా భయపడింది. పెద్దమ్మ ఒడి సిద్ధం చేసుకుని కూర్చుంది, చెయ్యి కూడా చాచింది. పిల్ల ఆమెను దాటుకుని వెళ్ళి తల్లి ఒళ్ళోకి ఎక్కింది.

మార్లిస్ ముఖం నాకు బాగా తెలుసు. పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్న అదే అసూయ అందులో ఒక్క క్షణం కనిపించింది. చాచిన చేత్తో పిల్ల బూటు లేసు సవరించి, తర్వాత ఎవరి వంతో కాగితం చూసి, పేరు పిలిచింది.