చలి పోయాక

ఆ ఇంట్లో చలి ఎప్పుడు పోతుందా అని మరదలు ఎదురుచూస్తుంటే, ఎక్కడ పోతుందోనని అక్క హడలిపోతోంది.

ఉన్నవి రెండు గదులు. లోపలి గది తమ్ముడిదీ మరదలిదీ. ముందు గదిలో కిటికీ కింద మంచం అక్కది. పక్షవాతంతో మంచాన పడ్డ మరదలి తల్లి ఇన్నాళ్ళూ కొడుకు పంచన ఉంది. ఇక మావల్ల కాదని అతను చేతులెత్తేశాడు. ఆమెను ఇక్కడికి తేవాలంటే అక్క మంచం ఖాళీ కావాలి. ఊరి చివర ముసలివాళ్ళ ఆశ్రమంలో అక్కకు చోటు మాట్లాడి ఉంచారు. "ఈ చలిలో ఎవర్నీ కదిలించొద్దు. చలి పోయాక చూద్దాం" అన్నాడు తమ్ముడు, నేల చూపులు చూస్తూ.

మరదలిని తప్పుపట్టడానికి అక్కకు నోరు రాలేదు. కన్నతల్లిని ఏ కూతురు వదిలేస్తుంది?

అక్క ముప్పయ్యొక్క ఏళ్ళు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి మడతలు పెట్టింది. అక్కడంతా ఆమెను 'మడతలక్క' అనేవారు. తల్లి పోయేనాటికి తమ్ముడికి నాలుగేళ్ళు. పెళ్ళి ఊసెత్తినవాళ్ళతో "వీణ్ణి ఎదగనివ్వండి" అనేది. వాడు ఎదిగి బస్సు డ్రైవరయ్యేసరికి ఆ ఊసెత్తేవాళ్ళే మిగల్లేదు. ఇస్త్రీ ఆవిరికి ఆమె వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. వేడో చల్లనో తెలియాలంటే ఇప్పటికీ బట్టను చెంపకు ఆనించుకోవాల్సిందే.

ఆ చెంపే ఆ ఏడు ఆమెకు చెడ్డ కబురు మోసుకొచ్చింది. ఒక ఉదయం కిటికీ అద్దానికి ఆనిస్తే గోరువెచ్చగా తగిలింది. వీధి అవతల చెట్టుకు ఎర్రటి చిగుళ్ళు. గబుక్కున తెర లాగేసింది.

ఆనాటి నుంచి చలికాలాన్ని ఇంట్లో కట్టేసి ఉంచడమే ఆమెకు పనైంది. చలిగాలి రాకుండా కిటికీ సందుల్లో కుక్కిన గుడ్డలు తియ్యలేదు. శాలువా దించలేదు. పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూనే "అమ్మో, ఏం చలి!" అని చేతులు రుద్దుకునేది.

"ఎదురింటావిడ రజాయిలు కూడా ఎండేసేసింది వదినా" అంది మరదలు.

"ఆవిడకేం తల్లీ, ఒళ్ళే ఓ రజాయి. చలేం తెలుస్తుంది?"

మరదలు పకపకా నవ్వింది. నవ్వు ఆగాక, "అన్నయ్య మళ్ళీ ఫోన్ చేశాడు. అమ్మకి వీపంతా పుళ్ళు పడ్డాయంట. పక్కకి తిప్పే దిక్కు లేదంట" అంది.

అక్క శాలువా ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

తమ్ముడొక్కడే ఆమె పక్షం. స్వెట్టర్ వేసుకునే అన్నానికి కూర్చునేవాడు. "ఇంకో పది రోజులుంటుందక్కా ఈ చలి" అనేవాడు. చిన్నప్పటి నుంచీ వీడంతే, చలికి తాళలేడు అనుకుని ఆమె కుదుటపడేది.

తెల్లవారుజామున డ్యూటీకెక్కే మనిషి, మధ్యాహ్నం వచ్చి నిద్రపోతాడు. ఒక మధ్యాహ్నం అక్క చెత్తబుట్ట పట్టుకుని మెట్లు దిగబోయి ఆగిపోయింది. మెట్ల మలుపులో, వట్టి గచ్చు మీద, బనీనుతో తమ్ముడు పడుకుని ఉన్నాడు. మెడ నిండా చెమటకాయలు. తల కింద చుట్ట చుట్టిన స్వెట్టర్. అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడి లేచాడు. ఆమెను చూసి, దొంగలా, ఆ స్వెట్టర్ తలమీదుగా తొడుక్కోబోయాడు. చెయ్యి ఎక్కడో ఇరుక్కుంది.

"ఇక్కడ కాస్త గాలి... కాదు, ఊరికే..."

"ఎన్నాళ్ళ నుంచి రా?"

వాడి తల స్వెట్టర్ లోపలే ఉండిపోయింది.

ఉండమనే ధైర్యం వాడికి లేదు. పొమ్మనే ధైర్యమూ లేదు. అక్క కోసం వాడు చెయ్యగలిగింది ఆ స్వెట్టర్ వేసుకు తిరగడమే.

మర్నాడు పొద్దున్నే అక్క సందుల్లో గుడ్డలన్నీ పీకి, కిటికీ బార్లా తెరిచింది. "మీ అన్నయ్యకి ఫోన్ చెయ్యమ్మా, చలి పోయింది" అంది.

మరదలి చేత రజాయిలు ఎండలో వేయించింది. "రెండువైపులా ఎండాలి. తెచ్చీ తేగానే మడవకు. వేడి మీద మడిస్తే లోపల చెమ్మ నిలిచి కంపు కొడుతుంది."

"నాకెందుకు వదినా ఇవన్నీ, ఏటా నువ్వేగా..." అంటూ మరదలు మధ్యలో నాలిక కరుచుకుంది.

"మీ అమ్మని రెండు గంటలకోసారి పక్కకి తిప్పు. పక్క మీద ముడత పడనీకు. ఆ ముడతే ఒరుసుకుని పుండవుతుంది."

మరదలు గోడవైపు తిరిగింది.

మధ్యాహ్నం తమ్ముడు స్వెట్టర్‌తోనే వచ్చాడు.

"తీసి ఇటియ్యి. పెట్టెలో పెట్టేముందు ఉతకాలి."

"ఇంకా చలిగానే ఉందక్కా" అన్నాడు. తెరిచిన కిటికీలోంచి ఎండ సూటిగా వాడి మొహాన పడుతోంది.

"లేదురా."

వాడు రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు, నాలుగేళ్ళప్పటిలా. ఆమే పైకి లాగింది. చెమటతో బరువెక్కిన దాన్ని చెంపకు ఆనించుకుంది. వాడి ఒంటి వేడి ఇంకా ఉంది. నీళ్ళలో వెయ్యడానికి లేవకుండా, అది చల్లారేదాకా ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చుంది.