కాళ్లు కూడా రావాలె

మనుషుల ముఖాలు దగ్గరగా, అందంగా వస్తాయని నెల రోజులు ఆలోచించి జూమ్ లేని ఎనభై అయిదు ఎంఎం లెన్సు ఒక్కటే వెంట తెచ్చుకున్నాను. నారాయణఖేడ్ బస్టాండు బయట సీతాఫలాలు అమ్ముతున్న ఒక ముసలమ్మను చూడగానే నా తెలివికి నేనే మురిసిపోయాను. అడిగి, ఫోటో తీసి చూపించాను.

ఆమె ముఖం మాడ్చుకుంది. "మొకం ఒక్కటే తీసినవేంది? గిది సచ్చినంక దండేసే ఫోటో. నేనింక బతికే ఉన్న గద. కాళ్లు గూడ రావాలె."

లేచి, కొంగు సర్దుకుని, వెండి కడియాలు కనబడేలా చీర కాస్త పైకి పట్టుకుని నిలబడింది. నా లెన్సులో మోకాళ్ల దాకానే వస్తోంది. వెనక్కి నడుస్తూ నడుస్తూ రోడ్డు దాటాను. ఛాయ్ హోటల్ బల్ల నడుముకు తగిలాక కడియాలు వచ్చాయి. అంతలో మా మధ్యకు మనూర్ వెళ్లే షేర్ ఆటో కూడా వచ్చి ఆగింది. అది నిండి కదిలేదాకా ఆమె అలాగే నిలబడింది.

తిరిగొచ్చి చూపిస్తే ఫోటో నచ్చింది. కెమెరా వంకే జాలిగా చూసింది.

"దగ్గర్నుంచి ఆనుతలేదా దీనికి? నాకు గూడ గట్లనే ఉండె బిడ్డా. కండ్ల దవాఖానకు తీస్కపో, ఆపరేషన్ చేస్తరు."