కన్నాబినస్ పచ్చడి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటి ఉంటుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఇరవై నాలుగేళ్ళ వయసు, దోహాకు వచ్చి ఏడాదిన్నర, ఏసీలు బాగుచేసే కంపెనీలో స్టోర్ కీపర్ ఉద్యోగం. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా పెట్రోలు ధర ఎందుకు పెరుగుతుందో దగ్గర్నుంచి ఆవకాయకు ఉప్పు ఎంత పడుతుందో దాకా నేనే అందరికీ చెప్పేవాణ్ణి. అవతల మా మేనత్త ఓపిగ్గా ఊఁ కొట్టేది. అలాంటి నేను గుంటూరు జిల్లాలో పుట్టి కూడా గోంగూర మొక్కను ఆనవాలు పట్టలేకపోయానని, దానివల్ల ముగ్గురు మనుషులం ఒక శుక్రవారం సాయంత్రమంతా జైలు భయంతో వణికిపోయామని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు. (తప్పు పూర్తిగా నాది కాదు. నేను పెరిగింది హాస్టళ్ళలో. గోంగూర అంటే నాకు కంచంలోకి వచ్చేదే తప్ప భూమిలోంచి వచ్చేది కాదు.)

అల్ మన్సూరాలో ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో మేం ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్ళం. అందరిలోకి పెద్దవాణ్ణి కాక అని పిలిచేవాళ్ళం. జగిత్యాల దగ్గరి మనిషి, మా కంపెనీ బస్సు డ్రైవరు, గల్ఫులో ఇరవై ఏళ్ళు దాటించాడు. ఆ ఇరవై ఏళ్ళలో ఒక్క ఎర్ర సిగ్నలు కూడా దాటలేదని రోజుకోసారి గుర్తుచేసేవాడు. రెండోవాడు భాయ్. హైదరాబాద్ పాతబస్తీ వాడు, సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేసేవాడు. సగం తెలుగు, సగం ఉర్దూ మాట్లాడేవాడు, ఫోనులో లేని సంగతి లోకంలోనే లేదని నమ్మేవాడు. మా గదికి బాల్కనీ అనే పేరుతో ఒక మంచం పట్టేంత జాగా ఉండేది. అందులో బట్టలు ఆరేసుకునేవాళ్ళం.

ఆ సెప్టెంబరులో ఊరినుంచి వస్తున్న ఒకాయన చేత మా అత్త జంతికలూ, కారప్పొడీ పంపింది. వాటితోపాటు న్యూస్‌పేపరు ముక్కలో కట్టిన చిన్న పొట్లం ఒకటుంది. అందులో బూడిదరంగు గింజలు. "ఆకు వేసుకో అబ్బాయ్, అక్కడ మంచి ఆకు దొరకదంటగా" అని ఫోనులో చెప్పింది. ఏ ఆకు అని అడగడం నాకు చిన్నతనం అనిపించింది. గుంటూరులో ఆకంటే గోంగూరే కదా అనుకుని ఖాళీ పెయింటు బకెట్లు రెండు సంపాదించి మట్టి నింపి చల్లాను. వారానికల్లా మొలిచాయి. మొదట వచ్చిన ఆకులు గుండ్రంగా, అమాయకంగా ఉన్నాయి. నెల గడిచేసరికి పైన వచ్చే ఆకులు మూడుగా చీలాయి. తర్వాత ఐదు. ఆ తర్వాత ఏడు సన్నటి వేళ్ళతో, అంచులకు రంపపు పళ్ళతో, చెయ్యి చాచి ఏదో అడుగుతున్నట్టు నిలబడ్డాయి. కాడలు నిలువెత్తు పెరిగి బాల్కనీ రెయిలింగు దాటాయి.

ఒకరోజు కాక బనియను ఆరేయడానికి వెళ్ళి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. "గిదేం చెట్టురా?" అన్నాడు.

"గోంగూర కాకా. మీరు పుంటికూర అంటారే, అదే."

"పుంటికూర నాకు తెల్వదా? మా పెరట్ల ఎర్ర కాడలుంటయి. గిది గిట్ల పచ్చగ, ఏపుగ... ఏమోరా, నాకు మంచిగ అనిపిస్తలేదు."

ఎర్రది వేరు, తెల్లది వేరు అని నేను పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. (ఆ సంగతి నాకు నిజంగా తెలియదు. నోటికొచ్చింది చెప్పాను. అది నిజమేనని తర్వాత తెలిసింది.)

నవంబరులో ఒక శుక్రవారం పొద్దున్నే ఆకు కోశాను. వీడియో చూస్తూ పచ్చడి మొదలుపెట్టాను. ఆ వీడియోలో ఆవిడ గోంగూరకు చింతపండు అక్కర్లేదని చెప్పే భాగం వచ్చేసరికి కాక వేడినీళ్ళు పెట్టమని పిలిచాడు. తిరిగొచ్చి నాకు తోచినట్టు నిమ్మకాయంత చింతపండు వేసేశాను. ఎండుమిర్చి, వెల్లుల్లి, నూనె ఏదీ తగ్గించలేదు. అద్భుతంగా కుదిరిందని నేనే తీర్మానించుకుని, ఒక సీసా నింపి, నడిచి వెళ్ళేంత దూరంలోనే అల్ ముంతజాలో ఉండే మా మేనేజరు గారింట్లో ఇచ్చివచ్చాను. ఆ నెలలోనే నా కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అన్నది ఆయన చేతిలో ఉంది. ఆయన విజయనగరం మనిషి. ఆఫీసులో ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఎవరూ లేరు.

జుమ్మా నమాజు నుంచి భాయ్ వచ్చాక ముగ్గురం వేడన్నంలో ఆ పచ్చడి కలుపుకుని తిన్నాం. ఉల్లిపాయ ముక్కలు నంజుకుంటూ మళ్ళీ మళ్ళీ వేసుకున్నాం. తర్వాత ఎవరం ఎప్పుడు పడుకున్నామో తెలియదు. లేచేసరికి సాయంత్రం నాలుగు. కాక ఇరవై ఏళ్ళలో మొదటిసారి పగలు మూడు గంటలు నిద్రపోయాడు.

ముందు లేచిన భాయ్ టీ గ్లాసుతో బాల్కనీలోకి వెళ్ళాడు. వాడి ఫోనులో మొక్కను ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్ ఒకటి కొత్తగా చేరింది. సరదాకు మా మొక్కను ఫొటో తీశాడు. కాసేపటికి గ్లాసు కింద పెట్టి లోపలికి వచ్చాడు.

"అరే, ఇది చూడు. హైబిస్కస్ కన్నాబినస్ అని వస్తుంది."

హైబిస్కస్ అంటే మందారమని తలనూనె సీసా మీద చదివిన జ్ఞాపకం. రెండో మాట మీదే ముగ్గురి కళ్ళూ ఆగిపోయాయి.

"కన్నాబి... గదేంది?" అన్నాడు కాక.

భాయ్ గొంతు తగ్గించాడు. "గాంజా కో అంగ్రేజీ మే వహీచ్ బోల్తే, చచా."

ఈ దేశంలో ఆ మాటకు అర్థం జైలు, ఆ తర్వాత ఇంటికి విమానం. కాక మంచం మీద నెమ్మదిగా కూర్చున్నాడు. "నేను పగటిపూట పండుకున్నప్పుడే అనుకున్న," అన్నాడు. ఆ మాట వినగానే నాకు తల తిరగడం మొదలైంది. నాలుక మొద్దుబారినట్టు, గోడ కొంచెం ఇటు జరిగినట్టు అనిపించింది. భాయ్ అద్దంలో తన కళ్ళు చూసుకుని ఎర్రగా ఉన్నాయన్నాడు. (అన్ని ఎండుమిర్చి తిన్నాక ఎర్రబడక ఏమవుతాయన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు.) మందారం జాతిలో గంజాయి ఉంటుందా, గంజాయి జాతిలో మందారం ఉంటుందా అని ముగ్గురం కొంతసేపు తర్కించుకుని, రెండోదే అయి ఉంటుందని తేల్చాం.

అత్తకు ఫోన్ చేశాను. ఫోనులో ఆ మాట అనకూడదని భాయ్ సైగ చేశాడు.

"అత్తా, నువ్వు పంపిన ఆ... సామాను ఉంది చూడు. గింజలు. అవి ఎక్కడివి?"

"మీ మావయ్య తెచ్చాడురా. బస్టాండులో ఎవరో ముసలాయన దగ్గర. కొండ మీద నుంచి తెస్తాడంట. ఏం, మొలవలేదా?"

"మొలిచాయి. అది తింటే ఏమవుతుంది?"

"ఏమవుద్దేంటి, ఒకసారి అలవాటైతే వదల్లేవు. కడుపునిండా తిని పడుకుంటే లోకం తెలీదు. మీ మావయ్యకి రోజూ ఉండాల్సిందే."

ఫోను పెట్టేశాను. మా మావయ్య పంచాయతీ వార్డు మెంబరు. ఆయన రోజూ మధ్యాహ్నం కునుకు తీయడం, లేచాక ఎవరితోనూ మాట్లాడకపోవడం అన్నీ ఒక్కసారిగా అర్థమైనట్టనిపించాయి. అంతలోనే గుర్తొచ్చింది, మేనేజరు గారింట్లో సీసా ఉందని.

చెప్పులు వేసుకుని పరుగెత్తాను. గదిలో ఇద్దరు మనుషుల్ని, రెండు బకెట్ల సాక్ష్యాన్ని వదిలేసి వెళ్తున్నానని అప్పుడు తోచలేదు. అల్ ముంతజా చేరేసరికి చొక్కా తడిసిపోయింది. తలుపు తీసింది మేడమ్. లోపల మేనేజరు గారు సోఫాలో కూర్చుని పెద్దగా నవ్వుతున్నారు.

"రావోయ్," అన్నారాయన కళ్ళు తుడుచుకుంటూ. "నీ పచ్చడితో నాలుగుసార్లు తిన్నానోయ్ ఇవాళ."

"సార్, కళ్ళు గానీ తిరుగుతున్నాయా? ఎవరైనా ఇద్దరిద్దరుగా కనిపిస్తున్నారా?"

ఆయన నవ్వు ఆపి భార్య వైపు చూశారు. ఇక దాచడం నా వల్ల కాలేదు. గింజలు, ఏడు వేళ్ళు, యాప్, మావయ్య, అన్నీ ఒకదాని మీద ఒకటి చెప్పేశాను. కావాలని చేయలేదని, కాంట్రాక్టు పోయినా ఫరవాలేదు, కాకను మాత్రం ఏమీ అనొద్దని బతిమాలాను. (కాక సంగతి అప్పటికప్పుడు కలిపాను. వింటే ఆయన మనసు కరుగుతుందనిపించింది.)

మేడమ్ వంటింట్లోకి వెళ్ళి సీసా పట్టుకొచ్చి, చెంచాతో కొంచెం తీసి నాలుక మీద వేసుకుంది. "ఏటి బాబూ, ఇది గోగాకు, మీ గోంగూర, కాదా ఏటి? మా వేపు చేలకు చేలు వేస్తారు. ఆకు కూరకి, కాడ నారకి. లేత పసుపు పువ్వు పూస్తాది, మజ్జన ఎర్రగుంటాది. ఆకు చూసి బెదిరిపోయినావా?" అంది. ఆగి, "చింతపండు ఎందుకేసినావు మరి? పులుపు ఎక్కువైపోనాది," అని కూడా అంది.

"మరి సార్ నవ్వుతున్నారు కదా మేడమ్?"

"వాళ్ళ తమ్ముడు ఫోను చేసినాడు. ఈయన చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి నూతిలో దాక్కున్న కత చెప్పుకుంటన్నారు."

మేనేజరు గారు సోఫాలో సర్దుకుని మళ్ళీ ఆఫీసు మొహం పెట్టుకున్నారు. "రేపు ఎనిమిదింటికి స్టాకు లిస్టు నా టేబుల్ మీద ఉండాలి," అన్నారు.

గాల్లో తేలుతూ మన్సూరాకు తిరిగొచ్చాను. (కన్నాబినస్ అన్నది గోంగూర శాస్త్రీయ నామమేనని, ఆకు గంజాయి ఆకులా ఉంటుందనే ఆ పేరు పెట్టారని తర్వాత తెలిసింది.) మా గది తలుపు బార్లా తీసి ఉంది. బాత్‌రూమ్ దగ్గర నీళ్ళు. మా బిల్డింగు నాతూర్ (వాచ్‌మన్‌ను ఇక్కడ అలా అంటారు), కేరళ మనిషి, చేయి భుజం దాకా గొట్టంలో పెట్టి పచ్చటి ముద్దలు బయటకు లాగుతున్నాడు. నేను వెళ్ళాక వీళ్ళిద్దరూ రెండు బకెట్ల మొక్కల్నీ కత్తిరించి టాయిలెట్లో వేసి నీళ్ళు వదిలారు. అవి వెళ్ళలేదు. కింది అంతస్తువాళ్ళ సీలింగు కారింది. నాతూర్ ఒక ఆకును విప్పి, వాసన చూసి, నాకేసి విసుగ్గా చూశాడు. "ఏ తో గోంగూరా హై నా? ఇత్నా అచ్ఛా సబ్జీ క్యోం ఫేంకా?" అన్నాడు, ఇంత మంచి కూర ఎందుకు పారేశారన్నట్టు. అంతకుముందు ఆంధ్రావాళ్ళ క్యాంపులో ఆరేళ్ళు ఉన్నాడట. దోహాలో గోంగూర తెలియని తెలుగువాళ్ళం మేమే అయ్యుంటాం.

భాయ్ నన్ను పక్కకు లాగాడు. "లోపల చచాని చూడు," అన్నాడు.

కాక మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నూనె రాసి దువ్విన తల. చేతిలో బతాకా అనే ఇక్కడి గుర్తింపు కార్డు, ఒళ్ళో ప్లాస్టిక్ సంచి. సంచిలో రెండు లుంగీలు, బీపీ మాత్రల పెట్టె. నాతూర్ తలుపు కొట్టినప్పుడు పోలీసులే అనుకున్నాడట. భాయ్‌ని నోరు విప్పొద్దన్నాడట. "చెట్టు నాదని చెప్త. నాకు అరువై దగ్గరవడ్డయి, ఎట్లయినా ఇంకో ఏడాదైతే పంపుతరు. పోరడు నిన్నగాక మొన్న వచ్చిండు" అన్నాడట. నేను గోంగూరేనని చెప్పాను. మూడుసార్లు చెప్పాక నమ్మాడు. సంచి పక్కన పెట్టి, చొక్కా గుండీలు విప్పుకుంటూ, "పుంటికూర కోసం ఇస్త్రీ అంగి ఖరాబు చేస్తివి గద," అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకో తెలియదు, వెళ్ళి బాత్‌రూమ్ కడగడం మొదలుపెట్టాను.

కాక మరుసటి ఏడాదే ఊరెళ్ళిపోయాడు. నాకు కాంట్రాక్టు పొడిగించారు, ఇప్పుడు పెళ్ళాం పిల్లలతో దోహాలోనే అబూ హమూర్‌లో ఉంటున్నాను. మొన్నామధ్య ఫోనులో ఆ సంగతి ఎత్తాను. "నిజంగానే నీ మీద వేసుకునేవాడివా కాకా?" అని అడిగాను.

"ఏమోరా," అన్నాడు. "పోలీసాయన మొహం జూస్తే మాట మార్చేటోన్నేమో. నువ్వుంటె ఏం చేస్తుంటివి?"

"నేనైతే మాట మార్చను కాకా. నాదేనని చెప్పేవాణ్ణి," అన్నాను, ముంతజా వైపు చెప్పులు ఊడేలా పరుగెత్తిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని లోలోపల నవ్వుకుంటూ.

"సరే తియ్, అన్నం తిన్నవా?" అని అడిగాడు కాక.