పెద్దమ్మ ఆగే చోట ఎంటర్

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. పెద్దమ్మ కంప్యూటర్ బాగుచేస్తానని తెనాలిలో రేపల్లె రైలెక్కిన రోజున, ఆమె కళ్ళ గురించిన దిగులుకన్నా నా గురించిన భయమే నాకు ఎక్కువగా ఉంది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. రేపల్లెలో బడి టీచరుగా చేసి రిటైరైంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచి అక్కడి గుళ్ళో, అంటే చర్చిలో, కోతపండుగ నాడు వేదపాఠం చదివేది ఆమే. కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చి గుళ్ళో అర్పించి, ఆరాధన అయ్యాక వేలం వేసుకునే పండుగ అది. ఎంత సందడిగా ఉన్నా పెద్దమ్మ బల్ల దగ్గరికి వెళ్ళి కళ్ళద్దాలు సర్దుకుంటే కోళ్ళు తప్ప అందరూ ఊరుకునేవారు.

ఆ ఏడు ఆమె చూపులో నడిమధ్య ఒక మసక మచ్చ వచ్చింది. ఏ అక్షరాన్ని చూస్తే ఆ అక్షరమే మాయమవుతుంది, దాని పక్కనున్నవి కనిపిస్తాయి. ఉన్న చూపును నిలబెట్టడమే తప్ప పోయింది తిరిగి రాదని డాక్టరు చెప్పాడట. అక్షరాలు బాగా పెద్దవైతే చదువుకోవచ్చని కూడా చెప్పాడట. పెద్దమ్మ ఫోన్లో ఇదంతా చెప్పి, చివర్లో కూర ఏం వండిందో చెప్పినంత మామూలుగా అంది:

“నావల్ల కాకపోతే ఈసారి నువ్వు చదువుదువుగాని. పాస్టరుగారితో చెప్పేశాను.”

నేను ఇంట్లో కూర్చుని పుస్తకాల ప్రూఫులు దిద్దుతాను. ఆ పని ఎంచుకోవడానికి పుస్తకాల మీద ఇష్టం ఎంత కారణమో, ఎవరితోనూ మాట్లాడనక్కర్లేకపోవడం కూడా అంతే కారణం. దిగాల్సిన చోటు దాటిపోతున్నా “ఆపండి” అనలేక, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచి వచ్చే మనిషిని. గుడినిండా ఉన్న జనం ముందు నిలబడి చదవడమా?

“నీ కంప్యూటర్ ఉందిగా పెద్దమ్మా,” అన్నాను గబగబా. “పాఠం పెద్దక్షరాల్లో కొట్టి ప్రింటు తీస్తాను. నువ్వే చదువుదువుగాని.”

“అదా? అది లేచి చాన్నాళ్ళైందే.”

అది ఆమె ఉద్యోగంలో ఉన్నప్పుడు ప్రశ్నపత్రాలు తయారుచేసుకోవడానికి కొనుక్కున్నది. స్విచ్చి వేస్తే తెరమీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి, అంతకుమించి ఏమీ వచ్చేది కాదు. నేను వెళ్ళేసరికి దాని మీద టవలు కప్పి, టవలు మీద మినుముల డబ్బా పెట్టి ఉంది.

“వచ్చావా డాక్టరమ్మా,” అన్నారు పెదనాన్న. “పంచనామా అయ్యాక చెప్పు. నా డబ్బా మళ్ళీ అక్కడే పెట్టుకుంటాను.”

నా దగ్గరున్న మందల్లా ఒక పెన్‌డ్రైవ్. అందులో విండోస్ బదులు కంప్యూటర్‌ను నడిపే లినక్స్ ఉంది. ఉచితంగా దొరుకుతుంది. అందులో చాలా రకాలున్నాయి, పాత కంప్యూటర్లకు సరిపోయే తేలికైనవి కూడా. బాపట్లలో చదువుకునేటప్పుడు హాస్టల్లో నా ముసలి లాప్‌టాప్‌ను దానితోనే నెట్టుకొచ్చాను. ఏదైనా చెడిపోతే, లినక్స్ వాడేవాళ్ళు ఒకరినొకరు అడిగి తెలుసుకునే చోట్లు ఇంటర్నెట్లో బోలెడున్నాయి. నేను అక్కడ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడిగే అవసరం రాలేదు. నేను చేసిన తప్పు నాకంటే ముందే ఎవరో చేసి, అడిగి, నాలుగు చీవాట్లు తిని, జవాబు తెచ్చుకుని ఉండేవారు. బిడియస్థులకు అంతకన్నా మంచి బడి లేదు.

లినక్స్‌ను లోపల ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ మీదినుంచే నడిపి చూడొచ్చు. అలా నడిపి, ముందు పెద్దమ్మ పాత ఫైళ్ళన్నీ మరో పెన్‌డ్రైవ్‌లోకి తీసిపెట్టాను. సమాసాలు, సంధులు, “సొంత మాటల్లో రాయండి” అని అడిగే పత్రాలు. తర్వాత పాత విండోస్‌ను తీసేసి లినక్స్ ఎక్కించాను. కాసేపటికి తెర నీలంగా వెలిగింది. పెద్దమ్మ కుర్చీ లాక్కుని, తల పక్కకు తిప్పి, కోడిపెట్టలా ఓరగా చూసింది. మచ్చను తప్పించుకుని చూడడం అప్పటికే నేర్చుకుందని నాకు అప్పుడు తెలిసింది.

“లేచిందే!” అంది.

ప్రింటరు నేను తెచ్చిందే. బాపట్లలో నా స్నేహితురాలి నాన్న జిరాక్సు షాపు ఎత్తేస్తూ నాకిచ్చిన పాతది. తెనాలిలో మా కొత్త లాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టలేదు. ఇక్కడ వైరు తగిలించగానే దాని పేరు తెరమీద కనపడింది.

“పిలవకుండానే పలికింది. మీ పెద్దమ్మకన్నా నయం,” అన్నారు పెదనాన్న.

“మీరు పిలిచిందెప్పుడండీ, నేను పలకడానికి?” అంది పెద్దమ్మ.

పాఠమంతా కొట్టి, అక్షరాలు పెద్దవి చేసి, మొదటి పేజీ తీశాను. తెరమీద చక్కగా ఉన్న తెలుగు కాగితం మీద చెల్లాచెదురైంది. అక్షరం కింద ఉండాల్సిన వత్తులు పక్కకొచ్చి నిలబడ్డాయి. కొన్నిచోట్ల ఖాళీ గళ్ళు పడ్డాయి. పెద్దమ్మ కాగితాన్ని ఓరగా చూసి, “ఏ క్లాసు పిల్లలు రాశారే ఇది?” అంది.

ఫోన్లో పాత జవాబులు వెతికాను. ఒకరు ఫాంటు మార్చమన్నారు. మార్చినా వత్తులు పక్కనే ఉన్నాయి. ఇంకొకరు ప్రింటరును నడిపే డ్రైవరు ప్రోగ్రాము మార్చమన్నారు. మారిస్తే ప్రింటరే మూగబోయింది. దాన్ని తీసేసి మళ్ళీ మొదటినుంచి కలుపుకోవాల్సొచ్చింది. పెద్దమ్మ పెట్టిన పెసరట్టు పక్కనే చల్లారిపోయింది. చివరికి ఎవరో ఒక మూల రాసిన మాట పనికొచ్చింది: ముందు పీడీఎఫ్‌గా చేసి, దాన్ని అక్షరాలుగా కాక ఒక బొమ్మగా అచ్చు వెయ్యమని చెప్పాలట. ప్రింటు ఆప్షన్లలో దానికున్న గడిలో టిక్కు పెట్టాను. వత్తులన్నీ వేటి చోట్లోకి అవి వెళ్ళి కూర్చున్నాయి.

“చదువు పెద్దమ్మా,” అన్నాను. గండం గడిచిందనుకున్నాను.

చదివింది. అక్షరాలు కనపడుతున్నాయి కానీ అది పెద్దమ్మ చదువులా లేదు. వాక్యం నడుమ ఆగుతోంది, వెతుక్కుంటోంది, మళ్ళీ అందుకుంటోంది. సగంలో కాగితం ఒళ్ళో పెట్టుకుని నా ముఖం కనపడడానికి నా చెవివైపు చూసింది.

“అక్షరం దొరుకుతుందే. వరస చివరికొచ్చాక కింది వరస ఎక్కడ మొదలైందో దొరకట్లా. వెతుక్కునేలోపు వాక్యం చచ్చిపోతంది. పోనీలే, నువ్వే చదువు.”

ఆ మాటంటూ కాగితం మడతలు చేత్తో సాపు చేస్తోంది. దాని మీద మడతలేం లేవు. అప్పటిదాకా రైల్లోంచి నాతోపాటు వచ్చిన భయం సంగతి ఆ చేతిని చూసి మర్చిపోయాను. ఆమె చదవాలి. నా కోసం కాదు.

వరస చివర ఆగక తప్పదు. అలాంటప్పుడు ఎలాగూ ఆగే చోటే వరస అయిపోతే?

“పెద్దమ్మా, ఈ పాఠం నీకు చాలామటుకు నోటికొచ్చు కదా. కాగితం అక్కడ పెట్టేసి, గుళ్ళో చదివినట్టు చెప్పు.”

ఆమె కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. ఊపిరి తీసుకున్న చోటల్లా నేను ఎంటర్ కొట్టి కొత్త వరస మొదలుపెట్టాను. గుర్తురాని చోట నేను మెల్లగా చదివి వినిపిస్తే, తన తీరులో మళ్ళీ చెప్పేది. ఇన్నేళ్ళు విన్న గొంతే అయినా, ఆమె ఏ మాటకు ముందు ఊపిరి నింపుకుంటుందో, ఏ మాట తర్వాత కావాలని మౌనంగా ఉంటుందో నాకప్పుడే తెలిసింది. పొడుగు వరసలు పట్టడానికి కాగితాన్ని అడ్డంగా తిప్పాను. ఒక వాక్యం అప్పటికీ పట్టలేదు.

“ఇక్కడ కాస్త ముందే ఆగవా?”

“ఇన్నేళ్ళూ అక్కడ ఆగలేదే.”

“ఇప్పుడు ఆగు.”

“సరే టీచరుగారూ,” అంది పెద్దమ్మ.

పండుగ నాడు నేను ఆడవాళ్ళ వైపు, మధ్య వరసలో కూర్చున్నాను. పెద్దమ్మ కాగితాలు బల్లమీద పెట్టుకుంది. తల కొంచెం పక్కకు తిప్పి మొదలుపెట్టింది. ప్రతి వరస చివరా ఆమె కళ్ళు కింది వరసను వెతుకుతున్నాయని నాకు తెలుసు. వినేవాళ్ళకు మాత్రం ఆమె ఊపిరి తీసుకున్నట్టే ఉంది. పాఠం సగం దాటాక పేజీ తిప్పబోయి ఆగిపోయింది. ఏ ఊపిరికీ అంతసేపు పట్టదు. ముందు వరసలో తలలు లేచాయి. తర్వాతి మాట నాకు తెలుసు, నా పెదాల మీదే ఉంది. తెలియకుండానే సగం లేచి నిలబడ్డాను. అంతలో అంటుకున్న పేజీలు విడదీసుకుని, ఆమె ఆ మాటను తనే అందుకుంది. నేను కూర్చున్నాను. పక్కావిడ, “ఏమ్మా, చీమ కుట్టిందా?” అని అడిగింది.

ఆరాధన అయ్యాక ఒక ముసలమ్మ వచ్చి పెద్దమ్మ చేతులు పట్టుకుంది. “ఇయ్యేడు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చదివావు టీచరమ్మా. ఏం తొందర లేకుండా.”

పెద్దమ్మ నవ్విందే కానీ కారణం చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

సాయంత్రం ఇద్దరూ నన్ను రైలెక్కించడానికి వచ్చారు. వేలంలో పాడుకున్న గుమ్మడికాయను పెదనాన్న నా పక్క సీట్లో కూర్చోబెట్టి, “టిక్కెట్టు అడిగితే నా పేరు చెప్పమను,” అన్నారు. పెద్దమ్మ కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. బండి కూత వేశాక, కదలబోయే ముందు, ముఖం దగ్గరగా పెట్టి అంది:

“పై ఏటికి ఇంకాస్త పెద్దక్షరాలు పెట్టు. ఒక్కో అక్షరం గోడంత చేసినా నాకు కనపడకపోతే, అప్పుడు నువ్వు చదువుదువుగానిలే. అందాకా భయపడమాకు.”