పంచాంగంలో లేని పురుడు

పదిహేడేళ్లు పురుళ్లు పోశాక నన్ను మళ్లీ చదువుకు పంపారు. అవసరం లేని ఆపరేషన్లు తగ్గించాలని, మామూలు కాన్పులు నర్సులే చూసుకోవాలని, కష్టమైతేనే డాక్టరును పిలవాలని కొత్త పద్ధతి వచ్చింది. ఈ వయసులో పలక పట్టిందని తోటి నర్సులు నవ్వారు. అసలే నాకు ముక్కు మీద కోపం. అంతకుముందు నొప్పులు పడే ఆడవాళ్లను కదలనివ్వకుండా వెల్లకిలా పడుకోబెట్టేదాన్ని. వాళ్లు అరిస్తే నేనూ అరిచేదాన్ని. ఆ చదువులో నేను మొదట నేర్చుకున్నది నోరు అదుపులో పెట్టుకోవడం.

తిరిగొచ్చాక రాజాం దగ్గర మా ప్రభుత్వాసుపత్రిలో నాకొక గది ఇచ్చారు. అందులో నొప్పులు పడుతూ నడవొచ్చు, గంజి తాగొచ్చు, తల్లిని పక్కన ఉంచుకోవచ్చు. గది బాగుంది గానీ జనమే రాలేదు. పంతులుగారి చేత ముహూర్తం పెట్టించుకుని, పంట డబ్బంతా పోసి, ప్రైవేటులో సరిగ్గా ఆ గడియకు కోయించుకోవడం మా వైపు గొప్పైపోయింది. వద్దని చెబితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఒక మంగళవారం మధ్యాహ్నం, ఆ ముహూర్తాలు పెట్టే పంతులుగారే తన కూతుర్ని అంబులెన్సులో తీసుకొచ్చారు. ఆమెకిది తొలి కాన్పు. శుక్రవారం పొద్దున్నకి ఆయన లగ్నం చూసి పెట్టుకుంటే, నొప్పులు మూడు రోజుల ముందే వచ్చేశాయి. ప్రైవేటుకి వెళ్లమని చెప్పి అంబులెన్సువాళ్లు దారిలో ఉన్న మా ఆసుపత్రిలో దింపేశారు.

"కారు వస్తన్నాదమ్మా. మూడింటికి రాహుకాలం. ఈలోగా టౌనుకి తీసుకెళ్లి కోయించేస్తాను" అన్నారాయన.

నేను చూశాను, తర్వాత డాక్టరూ చూశారు. బిడ్డ తల కిందికే ఉంది, గుండె చప్పుడు బాగుంది, నొప్పులు ముదిరాయి. కోయాల్సిన పనే లేదు. ఆ మాటే ఆయనకు చెప్పాను. కారు రానే వచ్చింది.

అప్పుడా పిల్ల మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. "నాన్నా, నేను రాను. అక్కకి కోసినారు, ఆర్నెల్లు బిందె ఎత్తలేకపోయినాది. నాకు కోత వద్దు."

ఆయన నా వైపు తిరిగారు. "ఏటైనా అయితే?"

"అలాటిదేటైనా కనిపిస్తే నేనే ముందు డాక్టర్ని పిలుస్తాను పంతులుగారూ. బయట కూకోండి" అన్నాను. ఆయన కారును ఆగమని చెప్పి వరండాలో కూర్చున్నారు.

ధైర్యంగా అన్నాను గానీ లోపల భయమే. ఆ పిల్లకు ఏమైనా అయితే ఆ గదికి తాళం పడుతుంది, మా మాట ఇంకెవరూ వినరు. ఆమెను వెంట వచ్చిన వాళ్లమ్మ భుజం మీద చెయ్యి వేయించి నడిపించాను, నడుము రుద్దాను, కాసేపటికోసారి బిడ్డ గుండె విన్నాను. నేను ఒక్కసారి కూడా అరవలేదు. మూడూ నలభైకి, నడి రాహుకాలంలో, ఆడపిల్ల కేరుమంది. ఆ పిల్లకు ఒక్క కుట్టు కూడా పడలేదు. గంట తిరక్కుండానే లేచి కూర్చుని టీ అడిగింది.

బిడ్డను చేతికిస్తే పంతులుగారు టైము అడిగారు. చెప్పాను. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుని మధ్యలో ఆపేశారు. "ఇన్నాళ్లూ నేను కోతకి ముహూర్తం పెట్టినానమ్మా, పుట్టుకకి కాదు" అన్నారు. ఆ మాట ఆయన నోట రావడమే ఎక్కువ.

నెల తిరిగాక నరసన్నపేట వైపు నుంచి ఒక జంట వచ్చింది. ఆమెకు ఏడో నెల.

"ఆపరేషన్‌కి మంచి గడియ సూడమని పంతులుగారి కాడికెళ్లినాం. పంచాంగం తియ్యనే లేదు. ముందు ఆ నర్సమ్మకి సూపించుకోండి, కొయ్యాలని ఆవిడంటే అప్పుడు రండి అని పంపించేసినారు" అన్నాడు భర్త.

ఆ రోజు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. అది ముఖంలో కనపడకుండా, బీపీ చూస్తాను చెయ్యి చాపమ్మా అన్నాను.