పిడుదుల మేడం

మేడం పోయారని ఆమె జీపు డ్రైవరు ఫోన్ చేసినప్పుడు, నేను గొర్రెపిల్ల చెవిలోంచి పిడుదును లాగుతున్నాను, ఆమె ఇచ్చిన చిన్న పట్టకారుతోనే. "క్యాన్సరంటక్కా. సంవత్సరమాయనంట. మాకెవరికీ చెప్పలేదు" అన్నాడు. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది.

ఆమె మా తాలూకాలోని మంగళవాడ ఆడపడుచు, బెంగళూరులో సైంటిస్టు. మా రాయచెర్లుకు వచ్చి, సోలార్ ప్యానెళ్ళ పక్క గడ్డి మీద తెల్లగుడ్డ ఈడ్చి, దానికి అంటుకున్న పిడుదులను సీసాలో వేసుకునేవారు. ఇంత చదువు చదివి ఇదేం ఖర్మ అని నవ్వుకుని, పిడుదుల మేడం అని మేమే పేరు పెట్టాం. గొర్రె ఒంటి మీది పిడుదును గోటితో నలిపేయడం మాకు అలవాటు. "నలపొద్దండప్పా, దాంట్లో ఉండే రోగం మీ చేతి గీరుల్లో నుంచి లోపలికి పోతాది" అని తిట్టేవారు. జ్వరమొస్తే డాక్టరు అడగకముందే గొర్రెలు మేపుతామని చెప్పమనేవారు. విని, తలూపి, లేచి వచ్చేవాళ్ళం.

మా ఆయనకు జ్వరం వచ్చింది. పావగడ ఆస్పత్రికి తీసుకుపోయేముందు గొర్రెల వాసన రాకుండా ఒళ్ళు తుడిచి, ఇస్త్రీ చొక్కా తొడిగాను. ఏం పని చేస్తాడని డాక్టరు అడిగితే, "సోలార్‌కు భూమిచ్చినాము సార్, బాడుగొస్తాది. ఊరకే ఉంటాడు" అన్నాను. దొడ్లో మంద ఉంది. బాడుగ తినే ఇంటివాళ్ళం, ఇంకా గొర్రెల వెనక తిరుగుతున్నామని చెప్పడానికి నామోషీ. ఆరో రోజు తుమకూరు పెద్దాస్పత్రికి పోయే దారిలో, అంబులెన్సులోనే ఆయన ప్రాణం పోయింది.

నెల తర్వాత మేడం వచ్చారు.

"అరచేతుల్లో ఎర్రమచ్చలు లేసినాయా అక్కా?"

"లేసినాయి మేడం."

"పిడుదు జరమే అయ్యుండొచ్చు. పరీక్ష చెయ్యలేదు కాబట్టి అదేనని చెప్పలేను. ముందే తెలిసుంటే దానికి మాత్రలు ఉండాయి."

అబద్ధమాడి ఓదార్చే మనిషి కాదు. డాక్టరుతో నేనన్నది చెప్పేశాను. నన్ను ఒక్క మాట అనలేదు. "నాతో వచ్చి ఇదే మాట పదిమందికి చెప్తావా?" అని మాత్రం అడిగారు.

ఊరూరా తిరిగాం. ప్రతి మీటింగులో నేను నా అబద్ధం చెప్పేదాన్ని. ఆమె ముందే నీళ్ళ సీసా నా పక్కన పెట్టేవారు. తర్వాత లేచి, "జరమొచ్చినప్పుడు మర్యాద ఇంట్లో పెట్టి ఆస్పత్రికి పోండప్పా" అనేవారు. జీపు ఎక్కేముందు మాత్రం జడ పక్కకు తీసి, "మెడెనక చూడక్కా, ఏమన్నా పట్టుకున్యాయేమో" అని నా ముందు వంగేవారు. ఒత్తైన జుట్టు. పాయలు తీసి చూడటానికి చాలాసేపు పట్టేది.

పోయిన ఎండాకాలం తలకు గుడ్డ బిగించి కట్టుకుని వచ్చారు. పిడుదులకు భయపడి కట్టుకున్నారనుకుని, "ఇప్పుడొచ్చినాది మేడమ్‌కు తెలివి" అని ఎగతాళి చేశాను. ఆమె కూడా నవ్వారు. జీపు దగ్గర అలవాటుగా ఆ ముడి మీద చెయ్యి వేశాను. నా చెయ్యి పట్టుకుని కిందికి దించారు. "ఈ పొద్దు వద్దులేక్కా."

ఆమె చెయ్యి కాలిపోతోంది. జ్వరమా మేడం అని అడగబోయాను. అంత చదువుకున్న మనిషిని అలా అడగడం మర్యాద కాదేమోనని ఊరుకున్నాను. సోలార్ కంచె వెంబడి జీపు పోతూంటే, ఆ తలగుడ్డ కనిపించినంతసేపూ అక్కడే నిలబడ్డాను.