ఫ్యాను ఆపి వినే డాక్టరమ్మ

రెండు రోజులుగా విడవని తుంపర. కొత్తిమీర కుళ్ళకముందే కోసి కట్టలు కడుతుండగా, వర్తూరు డాక్టరమ్మ పోయిందని కబురు వచ్చింది. కట్టల మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, అమ్మను బండి ఎక్కించుకుని బయలుదేరాను.

చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా డాక్టరమ్మ తన ఒంటి గది ఆస్పత్రిని మార్చలేదు. స్టెతస్కోపును అరచేతిలో రుద్ది వెచ్చజేసి, ఫ్యాను ఆపి, కళ్ళు మూసుకుని వినేది. ఆ కాసేపు ఎవరైనా దగ్గితే కోప్పడేది.

కొన్నేళ్ళ కిందట అమ్మకు కడుపులో మెలిపెట్టే నొప్పి, ఆగని వాంతులు. పొట్ట ఉబ్బింది. అజీర్తి అనుకుని ఆముదం పట్టబోయాం. అదీ కడుపులో నిలవదేమోనని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

"పేగులు గడగడ మొత్తుకుంటా ఉండాయి," అంది విని. "గాలి పోతా ఉండాదా అమ్మా?"

అమ్మ నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు బయటికి పోప్పా. నీ ముందర మీయమ్మ నోరు తెరవదు."

తెర ఇవతల నిలబడ్డాను.

"నిన్నట్నుంచి ఏమీ పోలేదు," అమ్మ గొంతు.

"కడుపు మీద ఆపరేషన్ మచ్చలు లేవు. తొడ సందు చూడల్ల, చీర సల్ప జరుపు."

"నొప్పి కడుపులో గదమ్మా!"

"చూసి చెప్తాలే."

మంచం కిర్రుమంది.

"ఈ గడ్డ ఎన్నాళ్ళుగా ఉండాది?"

"శానా నాళ్ళాయ. తోస్తే లోపలికి పోతా ఉండె. ఇప్పుడు పోలే."

"ఇంట్లో చెప్పలేదా?"

"కొడుకుతో చెప్పే మాటా అది?"

నన్ను పిలిచి, పేగు అక్కడ ఇరుక్కుని దారి మూసుకుందనీ, ఆలస్యమైతే ఆ ముక్క కుళ్ళిపోతుందనీ చెప్పింది. నేను ఆముదం మాట ఎత్తాను.

"మూసుకున్న దారిలోకి ఇంకా తోస్తావా? మంచినీళ్ళు గూడా ఇయ్యొద్దు. బిరీన పెద్దాస్పత్రికి పో."

పెద్దాస్పత్రిలో ఎక్స్‌రే, స్కానింగ్ తీశారు. ఉబ్బిన పేగుల్లో పైన గాలి, కింద నీళ్ళు మెట్లు మెట్లుగా కనిపించాయి. వాళ్ళూ అదే మాట చెప్పి, ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. అమ్మ కోలుకున్నాక వెళ్ళి దండం పెట్టబోతే, "కడుపు నొప్పంటే కడుపొక్కటే చూస్తే చాలదప్పా," అని డాక్టరమ్మ తర్వాతి మనిషిని పిలిచింది.

ఇప్పుడు ఆ గది ముందే, వసారాలో ఆమెను పడుకోబెట్టారు. పూలు తెచ్చిన ఒకామె అమ్మ పక్కన కూర్చుంది.

"నీకేం చూసిందక్కా ఈయమ్మ?"

అమ్మ ఈసారి నా వైపు చూడలేదు.

"తొడ సందులో గడ్డ. దాచుకోని సచ్చేదాన్నే," అంది, అందరికీ వినపడేట్టు.

పూలామె చీర మీదుగా తన తొడ సందు దగ్గర చెయ్యి ఆనించుకుని, అమ్మ చెవిలో ఏదో అడిగింది.

మధ్యాహ్నం డాక్టరమ్మను శ్మశానానికి తీసుకెళ్ళారు. ఆ వెంటనే అమ్మా, ఆ పూలామె ఆటో ఎక్కి పెద్దాస్పత్రికి వెళ్ళారు.